బీడు పెడితే నేల సేదదీరుతుందా?

"నల్లరేగడి చేను, ఈ వానకాలం బీడు పెట్టాం. సారం పెరుగుతుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. నాదో ఎదురు ప్రశ్న: గడ్డీగాదం మొలవనిచ్చారా, గుంటక తోలి నున్నగా ఉంచారా?

నేలలోని సేంద్రియ కర్బనం ఒక గాదె. దాని కింద కోట్ల పందికొక్కులు, అవే సూక్ష్మజీవులు. గాదెలో పోసేవి వేర్లూ, రాలిన ఆకులూ. పైరు లేదని పందికొక్కులు ఉపవాసం ఉండవు. పైగా తడి ఉండి వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి తిండి దాదాపు రెట్టింపు. మన గాదెలు త్వరగా అడుగంటేది అందుకే. బడిలో "బీడు పెడితే సారం తిరిగొస్తుంది" అని చెప్పారు. ఎక్కణ్ణుంచి అని అడిగితే మాస్టారు కసిరారు.

ఇక తొలకరి. వేసవికి మాడి చచ్చిన సూక్ష్మజీవుల కళేబరాలు, చితికిన మట్టిగడ్డల్లోంచి బయటపడ్డ కర్బనం బతికున్నవాటికి ఒక్కసారిగా విందు. గంటల్లోనే కార్బన్ డయాక్సైడ్ గుప్పుమంటుంది, వెంట నత్రజని విడుదలై నైట్రేట్‌గా మారుతుంది. 1950లలో తూర్పు ఆఫ్రికా నేలల్లో దీన్ని కొలిచిన హెచ్.ఎఫ్. బిర్చ్ పేరిట ఇది బిర్చ్ ప్రభావం. అయితే నైట్రేట్‌దీ బంకమట్టిదీ రుణావేశమే, ఒకదాన్నొకటి పట్టుకోవు. వేరు అందుకోకపోతే అది వాననీటితో లోతుకు జారిపోతుంది, నీరు నిలిచిన రేగడిలోనైతే వాయువై ఎగిరిపోతుంది. వంట అయింది, విస్తరి ముందు మనిషి లేడు!

పటాన్‌చెరులో ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) 1976 నుంచి వానకాలపు బీడునూ పైరునూ పోల్చి చూసింది. వానకాలం బీడు పెట్టి యాసంగి పంట వేసిన చోట హెక్టారుకు ఏటా సుమారు 1.1 టన్నుల గింజ పండింది, 6.4 టన్నుల మట్టి కొట్టుకుపోయింది. ఎత్తుమడులపై వానకాలమే జొన్న, కంది వేసిన చోట సుమారు 5 టన్నుల దిగుబడి. పోయిన మట్టి 1.5 టన్నులే. కర్బనమూ పెరిగింది. ఎరువుల వాటా ఉందిలెండి. రైతును తప్పుపట్టను. తడిసిన రేగడిలో అరక దిగబడుతుంది, విత్తడమెలా?

మన్యంలో పోడు బీడు వేరు. అక్కడ పదేళ్లపాటు పొదలూ చెట్లూ గాదె నింపుతాయి. రెండేళ్లకే మళ్లీ నరికి కాలిస్తే నిండేదేముంది?

ఈసారి బీడు పెట్టేట్టయితే జీలుగ చల్లండి, పూతకు రాగానే కలియదున్నండి. దున్నేముందు ఒక మొక్క పీకి, వేరు మీది బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే అది లెగ్‌హిమోగ్లోబిన్, మన నెత్తుటి హిమోగ్లోబిన్‌కు చుట్టం. నత్రజని పట్టే పని నడుస్తోందన్నమాట. ఆకుపచ్చగా ఉంటే ఆ బుడిపె పని మానేసింది.