ఆగగలిగే వెన్ను, ఆగలేని వెన్ను: కొవిడ్ నాటి వర్గీకరణ వెనుక కథ

రాష్ట్రంలో తొలి కొవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడింది. మరునాడే అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ తన వైద్యులకు ఒక సూచన చేసింది: ముందుగా తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్లను తగ్గించండి, వాయిదా వేయండి, లేదంటే రద్దు చేయండి. కొద్ది రోజులకే మన దేశంలోనూ లాక్‌డౌన్ వచ్చింది. నెల్లూరు పెద్దాస్పత్రి కొవిడ్ ఆస్పత్రిగా మారింది. మే 21 దాకా ఆర్టీసీ బస్సు కదల్లేదు. కనిగిరి, పామూరు వైపు నుంచి నడుము పట్టుకుని ఒంగోలుకో నెల్లూరుకో వెళ్లాల్సిన మనిషికి దారి మూసుకుపోయింది.

ఆపరేషన్లు ఆపాలన్న ఆలోచనకు అంతకు ముందే ఒక అనుభవం ఉంది. 2003లో సార్స్ అనే శ్వాసకోశ అంటువ్యాధి వచ్చినప్పుడు టొరంటో ఆస్పత్రులు అత్యవసరం కాని శస్త్రచికిత్సలను నిలిపివేశాయి. అయితే ఏది అత్యవసరం? గుండె విషయంలో ఈ ప్రశ్నకు జవాబు కొంత తేలిక. వెన్ను విషయంలో చాలా కష్టం. అదే డిస్కు జారుడు ఒకరికి ఆరు వారాల విశ్రాంతితో తగ్గిపోతుంది, మరొకరికి రెండు రోజుల్లో మూత్రంపై అదుపు తప్పిస్తుంది.

అందుకే నార్త్ అమెరికన్ స్పైన్ సొసైటీ 2020 మార్చిలోనే వెన్ను ఆపరేషన్లను మూడుగా విడగొట్టింది. కాళ్ల బలం పడిపోతూ ఉండటం, వెన్నుపాము చుట్టూ చీము పట్టడం, విరిగిన వెన్నుపూస కదిలి నరాలకు ముప్పు తేవడం, కాడా ఈక్వైనా (నడుము కింది నరాల కట్ట మొత్తం నొక్కుకుపోవడం): ఇవి వెంటనే చేయాల్సినవి. వెన్నుపాముపై ఒత్తిడి ఇటీవల పెరుగుతున్న వారిది త్వరగా చేయాల్సిన వర్గం. మిగిలినవి ఆగవచ్చు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ కూడా వెన్ను రోగులకు ప్రత్యేక మార్గదర్శకం ఇచ్చింది. మన దగ్గర ఇండియన్ ఆర్థోపెడిక్ అసోసియేషన్ కొవిడ్ కాలానికి తన మార్గదర్శకాలను ప్రకటించింది.

ఈ సంఘాలు చేసిన పని చిన్నది కాదు. పీపీఈ కిట్లు, వెంటిలేటర్లు చాలని రోజుల్లో ఏ రోగిని ముందు చూడాలన్న భారాన్ని ఒక్క డాక్టరు భుజాన వదిలేయకుండా కొంత తాము మోశాయి. కానీ ‘ఇటీవల పెరుగుతున్న’ అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోతుంది. ఆ మాట ప్రకాశం మెట్ట ప్రాంతానికి అంత సులువుగా అతకదు.

ఎందుకో తెలియాలంటే 1937కు వెళ్లాలి. షార్ట్, మెక్‌రాబర్ట్ తదితర వైద్యులు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్‌పై (నీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఎముకల జబ్బు) పరిశోధన ప్రచురించిన ఏడాది అది. వారు చూసినవి అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలు. పొదిలి, దర్శి ప్రాంతం పేరు వైద్య గ్రంథాలకు ఎక్కింది అలాగే. కీళ్లు బిగిసి దున్నలేకపోతున్న ఎద్దులను రైతులు అంతకు ముందే గమనించారు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఆ ప్రాంతం అందులో చేరింది. 1972లో జిల్లా పేరు ప్రకాశం అయింది. బోరు నీళ్లు మాత్రం అవే.

లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే వెన్నుపూసలను కలిపే స్నాయువులు ఎముకలా గట్టిపడతాయి. వెన్నుపాము ఉండే గొట్టం ఇరుకవుతుంది. మెడ తిరగదు. వెనక్కి చూడాలంటే మనిషి మొత్తంగా తిరగాలి. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోతుంది, జారిన సంగతి నాలుగు అడుగులు వేశాక గానీ తెలియదు. ఇది వెన్నుపాము నలుగుతోందనడానికి గుర్తు. అయినా ఇంటిల్లిపాదీ బిగుసుకుపోయిన ఊళ్లో అది జబ్బులా కనిపించదు. ‘మా నీళ్లంతే’ అనుకుంటారు. ఇరవై ఏళ్లుగా నెమ్మదిగా వస్తున్న బలహీనత గత నెలలో పెరిగిందా అని ఫోనులో అడిగితే ఏమని చెబుతారు?

ఫోను అనడానికి కారణం ఉంది. 2020 మార్చి 25న కేంద్రం టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. చాలామందికి అది నిజంగా మేలు చేసింది. కానీ పాదం పైకి లేస్తోందా, తొడల మధ్య స్పర్శ ఉందా అన్నవి చేత్తో తాకి చూడాల్సిన పరీక్షలు.

తర్వాతి దశ లెక్కలతో వచ్చింది. 12 వారాల్లో ప్రపంచమంతటా దాదాపు 2.84 కోట్ల ఆపరేషన్లు వాయిదా పడతాయని కొవిడ్‌సర్జ్ పరిశోధక బృందం 2020 మేలో అంచనా వేసింది. ఆపరేషన్ సమయంలో వైరస్ సోకిన వారిలో నెలలోపు మరణాలు 23.8 శాతమని ఆ నెలలోనే మరో పత్రంలో చూపింది. వాయిదాలు వేసిన వారి భయం ఉత్తిది కాదని అది చెప్పింది. 2021 మార్చిలో 116 దేశాల రోగులను పరిశీలించి, వీలైతే కొవిడ్ సోకిన ఏడు వారాల దాకా ఆపరేషన్ ఆపమంది. అప్పటికి ‘ఆపండి’ అన్న తొలి సూచన ‘ఎన్నాళ్లు ఆపాలి’ అన్న లెక్కగా మారింది.

ఈ జిల్లాలకు మరో వర్గీకరణ రాయాల్సి వస్తే అందులో ప్రశ్నలు తెలుగులో, ఆశా కార్యకర్త గడపలో నిలబడి అడిగేలా ఉండాలని నా కోరిక. చెప్పు జారుతోందా? చీకట్లో నడిస్తే తూలుతున్నారా? చొక్కా గుండీ పెట్టుకోవడానికి నిరుటి కంటే ఎక్కువసేపు పడుతోందా? మూత్రం వచ్చేది తెలుస్తోందా?