పాల మీద పడిన నింద

రెండేళ్ళు నేను పాలు ముట్టలేదు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఎవరు టీకి పిలిచినా "నాకు పాలు పడవండీ" అని బ్లాక్ టీతో సరిపెట్టేవాణ్ణి. కడుపుబ్బరం మాత్రం వారానికి మూడు రోజులు పలకరిస్తూనే ఉండేది. పాలు మానినా ఉబ్బరం పోలేదంటే తప్పు పాలది కాదేమో అన్న చిన్న సంగతి తట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది చూడండి.

"పడదు" అన్న ఒక్క మాటలో మనం రెండు సంగతులు కలిపేస్తాం. రొయ్యలు తిన్న కాసేపటికే దద్దుర్లు లేచి పెదాలు వాచాయంటే అది అలర్జీ, చిన్న ముక్కతో కూడా ప్రాణం మీదికి రావచ్చు, ఇంట్లో పరీక్షించుకునే వ్యవహారం కాదు. ఇన్‌టాలరెన్స్ అంటే చాలావరకు అరగకపోవడం. పాలలోని లాక్టోజ్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ చిన్నపేగులో తక్కువైతే ఆ చక్కెర అలాగే పెద్దపేగులోకి పోతుంది, అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండే ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలనైతే విరగ్గొట్టే ఎంజైమే మనుషులెవరికీ లేదు. గ్యాస్ అందరికీ పుడుతుంది, కొందరి పేగు దాన్ని ఓర్చుకోలేదు, అంతే తేడా. ఇదంతా జరగడానికి గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం కూర చేసిన తప్పు సాయంత్రం టీ మీద పడుతుంది.

దీన్ని తేల్చే పద్ధతి పాతదే. అమెరికా డాక్టరు ఆల్బర్ట్ రో 1920ల్లోనే చెప్పాడు: అనుమానం ఉన్నవన్నీ కొన్నాళ్ళు మానేసి, తర్వాత ఒక్కొక్కటే మళ్ళీ తిని చూడమని. మానేయడం రెండు నుంచి ఆరు వారాలు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కాస్త హాయిగా ఉంటే చాలు, జన్మంతా మానేస్తారు. కానీ ఒకేసారి పది మానేస్తే వాటిలో ఏది దొంగో ఎలా తెలుస్తుంది?

ఒక మాట ముందే. గోధుమ మానకముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష చేయించుకోవాలి, మానేశాక చేయిస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు. మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గిపోతున్నా డైట్ సంగతి పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పిల్లలకీ గర్భిణులకీ సొంతంగా మొదలుపెట్టకండి. వందల ఆహారాలకి ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) రిపోర్టు ఇచ్చే ఖరీదైన ప్యాకేజీలకి డబ్బు తగలేయకండి, ఆ ఐజీజీ మీరు అది తిన్నారని చెబుతుంది, పడలేదని కాదు.

నేను మూడు వారాలు అన్నం, గుడ్డు, బీరకాయ, పొట్లకాయ, చేపల పులుసు మీద బతికాను, పులుసులో ఉల్లి లేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అప్ప, అంటే మా అక్క, "ఏటిరా, ఉల్లిపాయ కూడా తినవా? మరింకేటి వండమంటావు?" అని తల పట్టుకుంది. దొంగదారులు చాలా ఉన్నాయి: సాంబారు పొడిలో వెల్లుల్లి, డబ్బా ఇంగువలో గోధుమపిండి.

ఉబ్బరం తగ్గాక పరీక్ష పాలతో మొదలుపెట్టాను. మొదటి రోజు అరగ్లాసు, రెండో రోజు గ్లాసు, మూడో రోజు రెండు. నోట్‌బుక్‌లో మూడు రోజులూ ఒకటే మాట: "ఏమీ లేదు". మూడు రోజులు ఆగి ఉల్లి. పావు ముక్కకి పర్వాలేదు, సగానికి గుడగుడ, మొత్తం తిన్న రాత్రి పదకొండింటికి బెల్టు వదులు చేసుకుని డాబా మీద పచార్లు. పలాస జీడిపప్పు గుప్పెడు తిన్నా అదే కథ, ఐదారు పలుకులకైతే ఏమీ లేదు. అంటే పూర్తిగా మానక్కర్లేదు, నా హద్దు తెలిస్తే చాలు.

ఫ్రక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి గానీ నూనెలో కరగవు. అందుకే ఇప్పుడు అప్ప వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేయించి, తీసి పక్కన పెట్టేసి, ఆ నూనెతోనే పోపు వేస్తోంది. చారులో వేసి మరిగించి తీసేస్తే మాత్రం లాభం లేదు, అప్పటికే అవి చారులోకి దిగిపోతాయి. తీసిన రెబ్బలు మా బావ కంచంలోకి పోతున్నాయి. ఇక ఉల్లికాడల్లో పచ్చభాగం నాకు బాగానే పడుతోంది, కింది తెల్లటి భాగం మాత్రం పడదు.