ఇంటి కాగితాల మీద ఆడపిల్ల సంతకం ఎలా వచ్చింది?

చెన్నైలో టీ నగర్, మాంబళం, మైలాపూర్ లాంటి చోట్ల పాత ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టడానికి బిల్డర్ వచ్చాడంటే, అతని లాయర్ ముందుగా అడిగేది వారసుల సంతకాలు. తాతల కాలంలో నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చి స్థిరపడిన తెలుగు ఇళ్లలో అప్పుడు ఆడపడుచులకు ఫోన్లు వెళ్తాయి. "సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకొచ్చి ఒక సంతకం పెట్టి వెళ్లమ్మా, ఉత్త ఫార్మాలిటీ" అంటారు. అది హక్కు విడుదల పత్రం. వదులుకుంటున్న హక్కు ఏమిటో, దానికోసం ఎంతమంది ఎన్నేళ్లు పోరాడారో ఆవిడకు ఎవరూ చెప్పరు. చెప్పాలి. తెలిసి వదులుకోవడం వేరు, తెలియక వదులుకోవడం వేరు.

మన ప్రాంతంలో హిందూ కుటుంబాలకు వర్తించిన ఆస్తి శాస్త్రం మితాక్షర. 13వ శతాబ్దంలోనే కేతన దాన్ని తెలుగులోకి తెచ్చాడు. దాని ప్రకారం పిత్రార్జితంలో మగపిల్లవాడికి పుట్టుకతోనే వాటా. ఆడపిల్లకు స్త్రీధనం, పెళ్లి ఖర్చు, కొన్నిచోట్ల పసుపు కుంకుమ కింద కొంత భూమి. భర్త పోయిన స్త్రీకి ఆస్తి దక్కినా, అనుభవించడమే తప్ప ఇష్టమొచ్చినట్టు అమ్ముకునే వీల్లేదు. ఆమె తర్వాత అది తిరిగి భర్త వారసులకే.

ఈ లోటు ఇంటి లోపలి విషయంగా మిగిలిపోలేదు. 1917లో అడయార్‌లో మహిళా భారత సంఘం పుట్టింది. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇచ్చింది, బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో అదే మొదటిది. కానీ అప్పట్లో ఓటుకు ఆస్తి అర్హత ఉండేది. ఆస్తి మగవాళ్ల పేరు మీద ఉంటే ఓటు హక్కు వచ్చినా ఓటర్ల జాబితాలోకి ఎక్కే ఆడవాళ్లు ఎంతమంది? ఆస్తి లేకుండా మిగతా హక్కులు నిలబడవని అప్పుడే తేలిపోయింది.

1929 ఫిబ్రవరిలో చెంగల్పట్టులో పెరియార్ ఆధ్వర్యంలో జరిగిన ఆత్మగౌరవ మహాసభ, స్త్రీలకు ఆస్తిలో సమాన హక్కు ఉండాలని తీర్మానించింది. అది చట్టం కావడానికి మద్రాసు రాష్ట్రంలో ఇంకో 60 ఏళ్లు పట్టింది. ఈలోపు 1937లో వచ్చిన కేంద్ర చట్టం వితంతువుకు కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది, అదీ ఆమె బతికున్నంత కాలమే. కూతురి ఊసు అందులో లేదు.

సరిగ్గా ఆ 1937లోనే మద్రాసులో దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్లకే పెళ్లయి, ఆ పెళ్లిలోంచి బయటికొచ్చి చదువుకుని, మద్రాసులో లాయరైన మనిషి ఆవిడ. మధ్యలో చదువు ఆగిపోయిన అమ్మాయిలను పరీక్షలకు తయారుచేయడం సభ తొలి పనుల్లో ఒకటి. దుర్గాబాయి తర్వాత మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు వెళ్లారు, హిందువుల పెళ్లి, వారసత్వ నియమాలను మార్చడానికి తెచ్చిన హిందూ కోడ్ బిల్లుకు గట్టిగా మద్దతిచ్చారు. చెన్నై తెలుగువాళ్లం ఆవిడ పేరు ఆసుపత్రితో, బడితో కలిపి గుర్తుపెట్టుకున్నాం. ఆస్తి హక్కుతో కలిపి కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఆ బిల్లుకు బి.ఎన్. రావు కమిటీ రాసిన ముసాయిదాలో కూతురికి కొడుకు వాటాలో సగమే ఉండేది. అంబేద్కర్ నాయకత్వంలోని సెలెక్ట్ కమిటీ దాన్ని సమానం చేసింది. వ్యతిరేకత ఎంత తీవ్రంగా వచ్చిందంటే బిల్లు ముందుకు కదల్లేదు, 1951లో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. చివరికి 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. స్త్రీల చేతిలోని పరిమిత హక్కు దీంతో సంపూర్ణ హక్కుగా మారింది. మనోవర్తి కింద ఇచ్చిన ఆస్తికి దస్తావేజులో షరతులు రాసినా అంతేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. అది మన తెలుగు నేల నుంచి వెళ్లిన తులసమ్మ కేసు.

1956 చట్టం ఇంకో మేలు కూడా చేసింది. తండ్రి తన సంపాదనతో కొన్న ఇల్లయితే, ఆయన వీలునామా రాయకుండా పోతే, భార్యకూ కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటాలు. ఉద్యోగానికో వ్యాపారానికో మద్రాసు వచ్చి కొనుక్కున్న ఇళ్లలో చాలావరకు ఈ కోవలోవే. "ఆ రోజుల్లో ఆడపిల్లలకు హక్కెక్కడిది" అనే మాట ఈ ఇళ్ల విషయంలో అబద్ధం.

పిత్రార్జితం దగ్గర మాత్రం పార్లమెంటు రాజీపడింది. లెక్క చూస్తే తెలుస్తుంది. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు, తండ్రి పోయారు. ముందు తండ్రికీ ఇద్దరు కొడుకులకూ మూడు భాగాలు. తర్వాత తండ్రి భాగం నలుగురికీ సమానంగా. మొత్తం 12 వాటాలనుకుంటే ఒక్కో కొడుక్కి 5, కూతురికి 1, తల్లికి 1. పైగా కుటుంబం ఉంటున్న ఇంట్లో మగ వారసులు పంచుకుందాం అనేదాకా ఆడపిల్ల తన వాటా విడదీయమని అడగడానికి లేదు.

దీన్ని మార్చడంలో మన రాష్ట్రాలే ముందు నడిచాయి. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది, కూతురికీ పుట్టుకతో వాటా ఇచ్చింది. కూతుళ్లను ఆస్తికి దూరం పెట్టడం వల్లే వరకట్న దురాచారం పుట్టిందని ఆ చట్టం తన పీఠికలోనే రాసుకుంది. నాకు చాలా గౌరవం ఉన్న వాక్యం అది. "కట్నం ఇచ్చాం కదా, ఇంకా వాటా ఏమిటి" అనే అన్నదమ్ములకు జవాబు ఒక ప్రభుత్వ చట్టంలోనే ఉంది. తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వ సవరణ 1989 మార్చి 25 నుంచి వర్తించింది. కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టాయి.

అయితే ఈ చట్టాలన్నీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టాయి. తమిళనాడులో 1988లో పెళ్లయిన అక్కకు లేదు, 1990లో పెళ్లయిన చెల్లెలికి ఉంది. ఒకే తల్లి బిడ్డలు! "పెళ్లయిపోయింది కదమ్మా" అనే మాటకు మన ఇళ్లలో ఇంకా బలం ఉండటానికి ఈ షరతు కూడా ఒక కారణమని నా నమ్మకం.

2005 సెప్టెంబర్ 9న కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఇంటి వాటా అడగకూడదన్న నిబంధనా పోయింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడలేదు. సవరణ వచ్చిన 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉండాలని 2015లో సుప్రీంకోర్టు అనడంతో గందరగోళం మొదలైంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని సరిదిద్దారు. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి తండ్రి అప్పటికి ఉన్నారా లేదా అన్నదానితో పని లేదన్నారు. ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం అంటే మామూలుగా చెల్లదని కూడా చెప్పారు.

పైన చెప్పిన కుటుంబంలోనే ఇప్పుడు లెక్క వేయండి. 16 వాటాల్లో పిల్లలు ముగ్గురికీ తలా 5, తల్లికి 1. కూతురు నిలబడింది, తల్లి వాటా పన్నెండో వంతు నుంచి పదహారో వంతుకు తగ్గింది. ముసలితనంలో పిల్లల ఇళ్ల మధ్య తిరిగే తల్లికి చట్టం చేసిన ఈ నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకో మూల అలాగే ఉంది. పిల్లలు లేని స్త్రీ, భర్త కూడా లేకుండా, వీలునామా రాయకుండా చనిపోతే, ఆమె సొంతంగా సంపాదించింది ముందు భర్త వారసులకు వెళ్తుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. చట్టంలోని 15వ సెక్షన్ ఇది. 2009లో సుప్రీంకోర్టు ఒక కేసులో దీన్నే అమలు చేసింది, మార్చాలని అంతకు ముందు ఏడాదే లా కమిషన్ సిఫారసు చేసినా. ఉద్యోగం చేసుకుంటూ చెన్నైలో సొంతంగా ఫ్లాట్ కొనుక్కున్న ప్రతి హిందూ మహిళా వీలునామా రాయడం ఎందుకు అవసరమో ఈ ఒక్క సెక్షన్ చదివితే అర్థమవుతుంది.