ఇంట్లో వసపిట్ట, బడిలో మూగనోము: సెలెక్టివ్ మ్యూటిజం గురించి అపోహలు - వాస్తవాలు

నా దగ్గరికి వచ్చే తెలుగు అమ్మానాన్నలు చాలామంది కూర్చోగానే ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తారు. అందులో ఐదేళ్ళ పిల్ల సోఫా ఎక్కి నిలబడి, చేతిలో స్కేలు పట్టుకుని, తమ్ముడికి టీచర్‌లా పాఠం చెబుతుంటుంది. అదే పిల్ల ఇప్పుడు వాళ్ళమ్మ చున్నీ వెనక దాక్కుని ఉంటుంది. "మేడం, ఇది మా అమ్మాయే. స్కూల్లో చేరి ఎనిమిది నెలలైనా ఒక్క ముక్క మాట్లాడలేదట. పేరెంట్స్ మీటింగులో టీచర్ చెబితే మేం నమ్మలేదు" అంటారు.

నేను పిల్లల సైకాలజిస్టుని. బెంగళూరులో, మారతహళ్ళి వైపు పనిచేస్తాను. చుట్టూ మనవాళ్ళే ఎక్కువ కాబట్టి ఇంట్లో బాగా మాట్లాడే పిల్లలకి బడి లాంటి చోట్ల భయంతో మాట రాకపోయే ఈ సమస్య, అంటే సెలెక్టివ్ మ్యూటిజం గురించి తెలుగులో ఏమేం అనుకుంటారో నాకు దాదాపు కంఠతా వచ్చేసింది. వాటిలో కొన్ని ఇక్కడ రాస్తున్నాను. పిల్లలెవరో తెలియకుండా వివరాలు మార్చాను.

అపోహ: మొండిఘటం. కావాలనే మాట్లాడదు.

ఇంట్లో గలగల మాట్లాడే పిల్ల టీచర్ అడిగితే నోరు విప్పకపోతే పొగరనుకోవడం సహజమే. డాక్టర్లే చాలాకాలం అలా అనుకున్నారు. 1877లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ దీనికి పెట్టిన లాటిన్ పేరులోనే 'తనంతట తాను మాట మానేయడం' అన్న అర్థం ఉంది. 1934లో మోరిట్జ్ ట్రామర్ 'ఎలెక్టివ్ మ్యూటిజం' అన్నాడు. అందులోనూ పిల్లలే మౌనాన్ని ఎంచుకున్నారన్న ధ్వని ఉంది. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం ప్రచురించే, మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎంలో 'మాట్లాడటానికి నిరాకరించడం' అనే రాసేవారు. 1994 కూర్పులో ఆ 'నిరాకరణ' పోయింది, పేరు 'సెలెక్టివ్ మ్యూటిజం' అయింది. 2013 కూర్పులో దీన్ని ఆందోళన సమస్యల వరుసలోకి చేర్చారు. అంటే ఇది భయమని పుస్తకంలోకి ఎక్కడానికి నూట ముప్ఫై ఆరేళ్ళు పట్టింది. మీ అత్తగారికి రెండు నెలల్లో అర్థం కాలేదని మరీ కోపం తెచ్చుకోకండి.

మొండి పిల్ల తనకి కావలసింది దక్కించుకోవడానికి మొండికేస్తుంది. ఈ పిల్లలు కావలసింది కూడా అడగలేరు. టాయిలెట్‌కి వెళ్ళాలని చెప్పలేక బట్టలు తడుపుకుంటారు. టిఫిన్ డబ్బా మూత బిగుసుకుపోతే ఆయాకి చెప్పలేక, ఆకలితోనే డబ్బా ఇంటికి తెస్తారు. పడి మోకాలు చీరుకుపోయినా స్కూల్లో ఏడవని పిల్లల్ని చూశాను. పేరు పెట్టి పిలవగానే ముఖం చెక్కలా బిగుసుకుపోతుంది, చూపు నేలకి అతుక్కుంటుంది. "గొంతులో మాట ఉంది, బయటికి రాదు" అని ఒక బాబు తొమ్మిదేళ్ళ వయసులో, బాగయ్యాక చెప్పాడు.

అపోహ: సిగ్గు. పెద్దయితే అదే పోతుంది.

బిడియమున్న పిల్లవాడు కాసేపు నసిగి, ఆనక కలిసిపోతాడు. వీళ్ళకి నెలలు గడిచినా ఆ ఒక్కచోట మాట రాదు. కొత్తగా బడిలో చేరిన మొదటి నెలని మేం లెక్కలోకి తీసుకోం. ఆ తరవాత కూడా ఒక నెలకి మించి ఇలాగే ఉంటే, చదువుకో స్నేహాలకో అడ్డమవుతుంటే, చూపించాల్సిందే. ఇది సాధారణంగా ఐదేళ్ళలోపే మొదలవుతుంది గానీ ప్రీ-కేజీలోనో ఎల్‌కేజీలోనో వేశాక గానీ బయటపడదు. "వాళ్ళ నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే, ఇప్పుడు టీమ్ లీడ్ కాలేదా" అని వాళ్ళవ్వ అంటుంది. ఆ నాన్నని పక్కకి తీసుకెళ్ళి అడిగితే, ఇప్పటికీ మీటింగ్‌కి ముందు రాత్రి నిద్ర పట్టదని చెబుతాడు. మౌనం ఎన్నేళ్ళు పాతబడితే కదపడం అంత కష్టం. 'మాట్లాడని పిల్ల' అన్న ముద్ర పడ్డాక, ఆమె ఒక మాట అంటే క్లాసంతా తిరిగి చూస్తుంది. ఆ చూపులకి భయపడి మళ్ళీ మూసుకుంటుంది.

అపోహ: మూడు నాలుగు భాషలు కలిపేసరికి పిల్ల కంగారుపడింది.

బెంగళూరులో ఇది వినని వారం లేదు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్, వ్యాన్ అంకుల్‌తో కన్నడం, ఆట స్థలంలో హిందీ. ఏ భాషా సరిగ్గా రాక నోరు మూసుకుందని పక్కింటివాళ్ళు తీర్పు చెప్పేస్తారు. కొందరు టీచర్లు ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడమని సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పిల్లకి నోరు తెరిపిస్తున్న భాష అదొక్కటే, దాన్నీ తీసేస్తే ఎలా?

కొత్త భాష మధ్యలో పడ్డ పిల్లలు కొన్నాళ్ళు మాట్లాడకుండా వింటూ ఉండటం మామూలే. ఆ పిల్ల సైగలు చేస్తుంది, ఆటలో కలుస్తుంది, తెలుగు పిల్ల కనబడితే తెలుగులో మాట కలుపుతుంది. నెలలు గడిచేకొద్దీ ముక్కలు ముక్కలుగా కొత్త భాష వస్తుంది. సెలెక్టివ్ మ్యూటిజం ఉన్న పిల్ల అచ్చ తెలుగు టీచరమ్మ ముందూ మాట్లాడదు, హిందూపురం నుంచి వచ్చిన పెద్దనాన్న ముందూ మాట్లాడదు. నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: ఇంటి బయట, బాగా వచ్చిన భాషలో, ఎవరితోనైనా మాట్లాడుతోందా? లేదంటే భాషని తప్పుపట్టి లాభం లేదు. వలస వచ్చిన కుటుంబాల్లో, రెండు భాషల పిల్లల్లో ఇది కాస్త ఎక్కువగా కనిపించే మాట నిజమే. అసలే బెదురు స్వభావం ఉన్న పిల్లకి, తప్పు మాట్లాడితే నవ్వుతారన్న భయం తోడవుతుంది. అంతేగానీ భాషలు రోగం తెచ్చిపెట్టవు.

అపోహ: ఇంట్లో ఏదో జరిగి ఉంటుంది.

ఈ అనుమానంతో నలిగిపోయేది తల్లులే. ఉద్యోగానికి వెళ్ళినందుకేనా, రెండోవాడు పుట్టినందుకేనా అని కుమిలిపోతుంటారు. చాలామంది పిల్లల్లో వెనక ఏ ఘోరమూ ఉండదు. పుట్టుకతో వచ్చిన బెదురు స్వభావం, కుటుంబంలో ఆందోళన ఉండటం, కొత్త పరిసరాలు కలిసి ఇలా అవుతుంది. కానీ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. నిన్నటిదాకా అన్నిచోట్లా మాట్లాడిన పిల్ల హఠాత్తుగా ఇంట్లో కూడా మాట మానేస్తే అది వేరే సంగతి, ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టర్‌కి చూపించాలి.

అపోహ: నాలుక మందం. వస అరగదీసి నాకిస్తే సరి.

ఇంట్లో వసపిట్టలా వాగే పిల్లకి మళ్ళీ వస ఎందుకండీ? హాస్యం పక్కన పెడితే, వస ఎక్కువైతే పసివాళ్ళకి వాంతులవుతాయి, వద్దు. వినికిడి పరీక్ష, మాటల ఎదుగుదల పరీక్ష మాత్రం చేయించాలి. కొందరిలో ఉచ్చారణ ఇబ్బందో ఆటిజమో దీంతోపాటు ఉంటాయి. ఇంటి వీడియో తెమ్మనేది అందుకే. గదిలో బిగుసుకుపోయిన పిల్లని ఇరవై నిమిషాలు చూసి ఆటిజం అని రాసి పంపినవాళ్ళూ ఉన్నారు.

అపోహ: 'హాయ్ చెప్పు, చాక్లెట్ ఇస్తా' అంటే నెమ్మదిగా అలవాటవుతుంది.

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో రోజూ జరిగే సీను చెబుతాను. ఐదో అంతస్తు ఆంటీ ఎక్కుతుంది. "ఏం పేరు బంగారం?" అంటుంది. పిల్ల బిగుసుకుపోతుంది. "చెప్పమ్మా, ఆంటీ అడుగుతున్నారు కదా" అని అమ్మ భుజం తడుతుంది. మూడు సెకన్లు నిశ్శబ్దం. లిఫ్ట్‌లో మూడు సెకన్లు ఎంత పొడుగో మీకు తెలుసు. ఇక తట్టుకోలేక అమ్మే పేరు చెప్పేస్తుంది, "కొంచెం సిగ్గండీ" అని కలుపుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

పిల్ల కూడా ఊపిరి పీల్చుకుంటుంది, చిక్కు అక్కడే వస్తుంది. మాట్లాడకపోతే భయం పోయిందని ఒంటికి తెలిసిపోయింది. అమ్మకి ఇబ్బంది తగ్గింది, ఆంటీకి జవాబు దొరికింది. రోజుకి పదిసార్లు, ఏడాది పొడుగునా ఈ పాఠం నడుస్తుంది. మరి బలవంతపెడితే? భయం రెట్టింపై, రేపు లిఫ్ట్ ఎక్కనని ఏడుస్తుంది. అటు నెట్టడమూ పనికిరాదు, ఇటు మనమే గొంతయిపోవడమూ పనికిరాదు.

నేనేం చేయమంటానంటే, ముందు ప్రశ్నలు ఆపండి. 'పేరేంటి' అన్నది ఈ పిల్లలకి అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. కొత్తగా ప్రాక్టీస్ పెట్టినప్పుడు నేనే నవ్వుతూ ఒక బాబుని అదే అడిగాను. వాడు మూడు వారాలు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఇప్పుడు కొత్త పిల్ల వస్తే మొదటి అరగంట నేనేమీ అడగను. "ఓహో, ఎర్ర కారు తీశావు. పెద్ద చక్రాలున్నాయి దీనికి" అని, చేస్తున్నది చూసి చెబుతూ పోతాను, అంతే. ఒళ్ళు కాస్త సడలాక ఎంచుకునే ప్రశ్న వేస్తాను: "ఎర్రదా, నీలందా?" అవును-కాదు ప్రశ్న వేస్తే తల ఊపి తప్పించుకుంటుంది. ఎంచుకునే ప్రశ్నకి ఒక్క ముక్క చాలు. అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టండి. మనవాళ్ళు రెండు దాటనివ్వరు. జవాబు రాకపోతే మళ్ళీ ఒకసారి అడిగి, ఇంకా రాకపోతే వేలితో చూపించనివ్వండి. అంతేగానీ జవాబు మీరు చెప్పేయకండి.

మాట వచ్చినప్పుడు గుసగుసైనా సరే, "నీలం అన్నావు, చెప్పినందుకు థాంక్స్" అని మామూలుగా ఆటలోకి వెళ్ళిపోవాలి. "అరెరె మాట్లాడిందే! ఏమండీ, విన్నారా!" అని కేకలు పెట్టి వీడియో తీస్తే, మళ్ళీ నెల వెనక్కి పోతాం. ఇది చెప్పినంత తేలిక కాదు. ఒక నాన్నగారు ఆనందం ఆపుకోలేక బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చి వచ్చారు. అది చాలా మంచి పద్ధతి.

బహుమతుల్ని నేను కాదనను. పిల్ల చేయగలిగిన చిన్న మెట్టు ముందే ఒప్పుకుని, చేశాక స్టిక్కర్ ఇస్తే పనిచేస్తుంది. జనం ముందు, అప్పటికప్పుడు చాక్లెట్ ఆశ చూపితే, భయానికి తోడు చాక్లెట్ పోయిందన్న ఏడుపు కూడా మిగులుతుంది.

అపోహ: మందు వేస్తే మాట వస్తుంది. / మానసిక మందులు వేస్తే పిల్ల మత్తులో పడుతుంది.

రెండూ సరికాదు. చిన్నపిల్లలకి ముందు ఇప్పుడు చెప్పిన తరహా చికిత్సే. పెద్ద పిల్లల్లో, లేదా చికిత్స చేస్తున్నా కదలిక లేనప్పుడు, ఆందోళన తగ్గించే ఫ్లూయాక్సెటీన్ లాంటి మందుని చైల్డ్ సైకియాట్రిస్టు చికిత్సకి తోడుగా రాస్తారు. ఇక్కడ బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల సైకియాట్రీ విభాగం ఉంది. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

అపోహ: స్కూల్లో సమస్య కాబట్టి స్కూలే చూసుకోవాలి.

పిల్లకి గొంతు ఉన్నది ఇంట్లో. దాన్ని స్కూలుదాకా నడిపించుకు వెళ్ళాలంటే ఇంటివాళ్ళు కావాలి. పిల్ల ఎవరితో మాట్లాడగలదో వాళ్ళతో ఖాళీ క్లాసులో ఆట మొదలుపెట్టి, టీచర్‌ని కొంచెం కొంచెంగా అందులోకి తెస్తాం. మొదట చెప్పిన సోఫా టీచరమ్మ విషయంలో ఆట వైకుంఠపాళి. స్కూలు వదిలాక పదిహేను నిమిషాలు, వారానికి మూడు రోజులు. తల్లీ కూతుళ్ళు గట్టిగా అంకెలు లెక్కపెడుతూ ఆడతారు. మొదటి వారం టీచర్ వరండాలో అటూ ఇటూ నడిచారు, తలుపు తీసే ఉంది. తరవాత గుమ్మం దగ్గర వీపు తిప్పుకుని నోటుబుక్కులు దిద్దారు. పిల్ల గొంతు తగ్గితే ఒక మెట్టు వెనక్కి, మామూలుగా ఉంటే ఒక మెట్టు ముందుకి. ఐదో వారానికి టీచర్ అట్ట పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా పాచిక వేశారు. నాలుగు పడితే పొరపాటున ఐదు గళ్ళు జరిపారు.

"మిస్, నాలుగే" అంది పిల్ల.

టీచర్ ఆ తప్పు కావాలనే చేశారని నా అనుమానం. అడిగితే నవ్వి ఊరుకున్నారు.

ఆ తరవాత అమ్మని మెల్లగా బయటికి జరిపి, ఒక స్నేహితురాలిని ఆటలోకి తెచ్చాం. క్లాసులో 'ప్రెజెంట్ మిస్' అనడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఈలోపు రైమ్స్ పరీక్ష ఇంట్లో రికార్డు చేసిన వీడియోతో పెట్టారు, టాయిలెట్‌కి ఒక బొమ్మ కార్డు ఇచ్చారు. కార్డు శాశ్వతం కాదని ముందే అనుకున్నాం, మాట వచ్చాక తీసేశాం.

జూన్‌లో స్కూళ్ళు తెరుస్తారు. కొత్త క్లాసు, కొత్త టీచర్ అయితే, మే ఆఖరి వారంలోనే ప్రిన్సిపాల్‌ని అడిగి ఖాళీ క్లాసులోకి ఒక అరగంట తీసుకెళ్ళండి. బెంచీ మీద కూర్చుని ఆడుకోండి, బోర్డు మీద బొమ్మలు వేయనివ్వండి, పిల్ల గొంతు ఆ గోడలకి ఒకసారి తగలనివ్వండి. ఎవరూ లేనప్పుడు ఆ గదిలో మాట్లాడి ఉంటే, మొదటిరోజు బెదురు కొంతైనా తగ్గుతుంది. వెళ్ళేటప్పుడు వైకుంఠపాళి అట్ట మర్చిపోకండి.