మోకాళ్ళ నొప్పి గురించి మనవలకూ మనవరాళ్ళకూ

గుంటూరు, బ్రాడీపేట

పిల్లలూ, ఆశీస్సులు.

మీలో చాలామంది ఇళ్ళల్లో నానమ్మో అమ్మమ్మో మంచం మీంచి లేస్తూ మోకాలు పట్టుకుని "అమ్మా" అంటూ ఉంటారు. రోజూ వినేదే కాబట్టి ఎవరూ తల తిప్పి చూడరు. వయసొచ్చింది కదా, అరిగిపోయుంటాయిలే అని ఆవిడే సర్దిచెప్పుకుంటుంది. నేను ఎముకల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ ఉత్తరం మీ అమ్మానాన్నలకు కాక మీకే రాయడానికి కారణం ఉంది. ఆవిడ మందుల చీటీ చదివి పెట్టేది మీరే, ఆస్పత్రికి ఆటోలో పక్కన కూర్చుని వెళ్ళేదీ మీరే.

ఈసారి ఇంట్లో కోడికూర వండినప్పుడు కాలి ఎముక చివర ఒకసారి చూడండి. తెల్లగా, నున్నగా, గోటితో నొక్కితే కాస్త లొంగే పొర ఒకటి ఉంటుంది. దాన్నే పుస్తకాల్లో మృదులాస్థి అంటారు, మన ఇళ్ళల్లో గుజ్జు అంటారు. మన మోకాలిలో కూడా తొడ ఎముక చివరా, కింది ఎముక పైనా ఇదే పొర ఉంటుంది. మధ్యలో జిగటగా కొద్దిగా ద్రవం ఉంటుంది. ఈ పొరలో నరాలు లేవు, అందుకే అరుగుదల మొదలైన కొత్తలో మనిషికి ఏమీ తెలియదు. రక్తనాళాలూ లేవు, అందుకే ఒకసారి పోయిన పొర మళ్ళీ సరిగా పెరగదు. గుజ్జు పెంచుతామని అమ్మే పొడులూ బిళ్ళలూ చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

మెట్లు ఎక్కి దిగేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు మూడు నాలుగింతల భారం పడుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో కొండల మీద ఇళ్ళున్నవాళ్ళు బిందె చంకన పెట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కి బతికారు. ఇక్కడ మన మిర్చి యార్డులో హమాలీలు నలభై కిలోలకు తగ్గని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోస్తారు, ఆడవాళ్ళు గంటల తరబడి గొంతుక్కూర్చుని తొడిమలు తీస్తారు. వాళ్ళ మోకాళ్ళకు యాభై ఏళ్ళకే డెబ్బై ఏళ్ళొస్తాయి. వాళ్ళను చూసి "ఈ వయసుకే ఏం నొప్పులు" అనే మాట మీ నోట రాకూడదు.

అయితే కీళ్ళ నొప్పులన్నీ అరుగుదల కాదు. ఈ ఒక్క విషయం తెలియక మనవాళ్ళు ఏళ్ళ తరబడి తప్పు మందు వాడతారు. పొద్దున్నే లేచాక చేతివేళ్ళు బిగుసుకుపోయి గంటైనా వదలకపోతే, రెండు చేతుల మణికట్లూ వేళ్ళూ ఒకే తీరుగా వాస్తుంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతాలు చూసే డాక్టరు దగ్గర మందులున్నాయి, తొందరగా మొదలుపెడితే కీళ్ళు వంకర పోకుండా కాపాడుకోవచ్చు. ఆ మందుల్లో మెథోట్రెక్సేట్ అని ఒకటి రాస్తారు. దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ చదివేటప్పుడు ఆ పేరు కనిపిస్తే రెండుసార్లు చదవండి. కాలి బొటనవేలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ళ జబ్బు) ఏమో చూపించాలి. జ్వరంతో పాటు ఒకే కీలు వేడిగా వాచి కదపనివ్వకపోతే లోపల చీము పట్టి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మీ వయసు వాళ్ళకు కూడా ఒకటుంది. మోకాలి నొప్పి అసలు తుంటి నుంచి రావచ్చు. పది, పన్నెండు, పద్నాలుగేళ్ళ పిల్లలు మోకాలు నొప్పని కుంటుతుంటే, మోకాలి ఎక్స్‌రే బాగుందని ఇంటికి వచ్చేయకండి. తుంటిని కూడా చూడమని డాక్టరుగారిని అడగండి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళల గురించి చెబితే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. వాటిని అదేపనిగా మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది. పేరూ ఊరూ లేని పొడి వేసుకోగానే నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిసుందేమోనని అనుమానించాలి. పుత్తూరు కట్టు మీద మనవాళ్ళకు నమ్మకం ఎక్కువ, ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. కానీ ఎవరు కట్టు కట్టినా సరే, వేళ్ళు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ క్షణమే కట్టు విప్పించి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

అరుగుదలకు మొదటి వైద్యం కత్తి కాదు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుంది. ఇక తొడ కండరం. కాలు చాపుకుని కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పదిసార్లు, పొద్దునా సాయంత్రం. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, విడవకుండా చేసినవాళ్ళు చాలామంది ఆపరేషన్ ఏళ్ళ తరబడి వాయిదా వేసుకున్నారు.

ఇవన్నీ చేశాక కూడా రాత్రిపూట నొప్పికి మెలకువ వస్తుంటే, వీధి చివరి దాకా నడవలేకపోతుంటే అప్పుడు కీలు మార్పిడి గురించి ఆలోచించాలి. ఈ ఆపరేషన్ ఎలా పుట్టిందో మీకు చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ ఉండేవారు. తుంటి కీలుకు ఉక్కు గుండు పెట్టి, అది తిరిగే గిన్నెకు మొదట టెఫ్లాన్ అనే ప్లాస్టిక్ వాడారు. వందలమందికి వేశాక, కొన్నేళ్ళకే అది అరిగిపోయి ఆ పొడికి లోపల ఎముక దెబ్బతింది. అప్పుడు ఆయన వర్క్‌షాపులో పనిచేసే హ్యారీ క్రేవెన్ దగ్గరికి, మిల్లుల్లో మగ్గాల పళ్ళచక్రాలకు వాడే ఒక ప్లాస్టిక్ వచ్చింది. చార్న్‌లీ దాన్ని గోటితో గీరి చూసి పనికిరాదన్నారు. క్రేవెన్ మాత్రం ఊరుకోకుండా అరుగుదల కొలిచే యంత్రంలో పెట్టాడు. రోజుల తరబడి తిప్పినా అది అరిగిందా లేదా అన్నట్టే ఉంది. అదే పాలిథిలీన్. 1962 నవంబరులో చార్న్‌లీ దాన్ని మనుషులకు వేయడం మొదలుపెట్టారు. మోకాలికి ఇప్పుడు మనం చూసే పద్ధతి 1974 ప్రాంతంలో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్ బృందం చేతుల్లో స్థిరపడింది. పెద్ద డాక్టరు కాదన్నదాన్ని మళ్ళీ పరీక్షించిన ఆ వర్క్‌షాపు మనిషి పేరు కూడా మీకు తెలియాలని రాశాను.

మోకాలు మొత్తం కోసి తీసేస్తారని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అరిగిన ఎముక చివర్లను రమారమి ఒక సెంటీమీటరు మందాన చెక్కి, తొడ ఎముకకు కోబాల్ట్ క్రోమియం అనే లోహపు తొడుగూ, కింది ఎముకకు లోహపు పలకా బిగించి, మధ్యలో ఆ పాలిథిలీన్ ముక్క పెడతారు. చేతిలోకి తీసుకుంటే తొడుగు బరువుగా, అద్దంలా మెరుస్తూ ఉంటుంది. ప్లాస్టిక్ ముక్క తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. మన చిప్ప మన దగ్గరే ఉంటుంది. రోబో ఆపరేషన్ అని హోర్డింగులు చూస్తుంటారు. కోతలు సరిగ్గా పడడానికి రోబో సాయం చేస్తుంది, చేసేది సర్జనే. ఎక్కడ చేయిస్తున్నాం అనే దానికంటే ఆ సర్జన్ చేయి తిరిగినవారా కాదా అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

ఎక్స్‌రే ఒక్కటే చూసి ఆపరేషన్ నిర్ణయించకూడదు. సినిమా బాగుండకపోయినా హాయిగా నడిచేవాళ్ళుంటారు. సినిమా అంటే ఎక్స్‌రే ఫిల్ము లెండి, మా వార్డులో అలాగే అనేవాళ్ళం. మనిషి నడక చూడాలి, నిద్ర గురించి అడగాలి. ఇంకో డాక్టరుకు చూపించుకుంటే మొదటి డాక్టరును అవమానించినట్టేం కాదు. ఇక్కడ కొత్తపేటలో ఒకరిని, అక్కడ విజయవాడ సూర్యారావుపేటలో ఒకరిని అడగండి.

2017 ఆగస్టులో కేంద్రం మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలికి 54,720 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది, పన్ను వేరే. అంతకుముందు ఇదే లక్ష దాటి ఉండేది. ఆస్పత్రి, మందులు, డాక్టరు ఖర్చులు దీనికి బయట. బిల్లులో ఇంప్లాంటు, అంటే లోపల పెట్టే కీలు ధర విడిగా రాయించి, పెట్టెలోని స్టిక్కరు ఫైల్లో అతికించమనండి. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో వస్తుందా రాదా అన్నది ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

వేసిన కీళ్ళలో నూటికి ఎనభై దాకా పాతికేళ్ళ తర్వాత కూడా పనిచేస్తున్నాయి. అయినా అయిదుగురిలో ఒకరికి అనుకున్నంత సుఖం ఉండదు, అది ముందే తెలిసి ఒప్పుకోవాలి. షుగరు అదుపులోకి రాకుండా, పంటిలో చీము గానీ కాలి పుండు గానీ మానకుండా ఆపరేషన్‌కు పోకూడదు. తర్వాత బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం మానుకోవాలి. అందుకే ఇంట్లో కుర్చీ బాత్రూం ముందే కట్టించి పెట్టండి.

చాలామందిని ఆపరేషన్ రోజో మర్నాడో వాకర్ పట్టించి నిలబెడతారు. ఆవిడ నొప్పికి ఏడుస్తుంది, ఈ రోజుకు వద్దంటుంది. జాలిపడి మీరూ సరేనంటే మోకాలు బిగుసుకుపోతుంది. ఫిజియోథెరపిస్టు చెప్పినన్నిసార్లు వంచేదాకా పక్కనే కూర్చుని లెక్కపెట్టండి, మొదటి రెండు వారాల్లో తొంభై డిగ్రీలు వంగడం మంచి గుర్తు. పిక్క వాచి నొప్పెట్టినా, కుట్ల దగ్గర రసి కారినా, జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా రాత్రనీ పగలనీ చూడకుండా ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఆ నంబరు ఇవాళే మీ ఫోన్‌లో వేసుకోండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ