డేట్ దాటితే ఏమవుతుంది? పిల్లలకు ఉత్తరం

పర్లాకిమిడి

బుజ్జీ, చంటీ, గుణుపురంలో మన ఇంటి పిల్లలందరికీ,

మొన్న ఫోన్‌లో మీరు అడిగిన ప్రశ్న రెండు ముక్కల్లో తేలేది కాదు. "అమ్మమ్మా, అక్కకి డాక్టరమ్మ ఇచ్చిన డేట్ వెళ్లిపోయింది కదా, పాప ఇంకా ఎందుకు రాలేదు? డాక్టరమ్మ తప్పు చెప్పిందా?" అన్నారు. వెనకనుంచి ఎవరో "ఇవన్నీ పిల్లలకెందుకు?" అని కసరడం కూడా వినపడింది. నన్నడిగితే మీకే కావాలి. ఇంట్లో ఒక మనిషి కడుపుతో ఉన్నప్పుడు పిల్లల చెవిన పడని మాట ఉండదు. సగం వింటేనే భయం ఎక్కువ. నేను ఈ కొండల్లో నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని. తెలిసింది ఉన్నదున్నట్టు రాస్తాను.

ముందు ఆ డేట్ ఎలా వస్తుందో చెప్తాను. ఆడవాళ్లకి నెలనెలా నెలసరి వస్తుందని బుజ్జికి తెలుసు. చంటీ, నువ్వూ తెలుసుకో, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కడుపు వస్తే అది ఆగిపోతుంది. ఆఖరిసారి వచ్చిన నెలసరి మొదటి రోజునుంచి 280 రోజులు, అంటే 40 వారాలు లెక్కపెడతారు. ఆ తేదీకి 7 రోజులు, 9 నెలలు కలిపితే చాలు. జనవరి 1 అయితే అక్టోబరు 8. నేగెలె అనే జర్మన్ ప్రసూతి వైద్యుడి పేరుమీద దాదాపు రెండు వందల ఏళ్లుగా నడుస్తున్న లెక్క ఇది.

విచిత్రమేమిటంటే, ఈ లెక్కలో మొదటి రెండు వారాలు బిడ్డ అసలు లేనే లేదు. అండం విడుదలయ్యేది సుమారుగా 14వ రోజున. అదీ 28 రోజులకొకసారి నెలసరి వచ్చేవాళ్లకి. 35 రోజులకొకసారి వచ్చేవాళ్లకి ఇంకో వారం ఆలస్యం, కాబట్టి వాళ్ల డేట్ కూడా ఇంకో వారం తర్వాతే పడాలి. పైగా ఆ మొదటి రోజు ఏదో గుర్తుండాలి కదా! సవర గూడేల్లో తిరిగేటప్పుడు నేను తేదీ అడిగితే చాలామంది చెప్పలేకపోయేవారు. రథయాత్రకి ముందా, బాహుడా (తిరుగు రథయాత్ర) అయ్యాకా, సంతకి వెళ్లిన వారమా అని అడిగితే మాత్రం చక్కగా చెప్పేవారు. ఆ జవాబు నాలుగైదు రోజులు అటూ ఇటూ అయినా కార్డులో నేను ఒక్క తేదీయే రాయాలి. రాసిన మరుక్షణం అది ఆ ఇంటికి శాసనమైపోయేది.

అందుకే మొదటి మూడు నెలల్లో చేసే స్కాన్ విలువైనది. అప్పుడు బిడ్డ ఇంకా చాలా చిన్నగా ఉంటుంది, తలనుంచి పిరుదుల దాకా పొడవు కొలుస్తారు. ఆ వయసులో పిల్లలందరూ ఇంచుమించు ఒకేలా పెరుగుతారు కాబట్టి ఆ డేట్‌లో తేడా వస్తే వారం లోపే. ఎనిమిదో నెల స్కాన్‌లో వేరే డేట్ కనపడితే కంగారుపడి పాతది కొట్టెయ్యకూడదు. అప్పటికి బిడ్డల్లో కొందరు బొద్దుగా, కొందరు సన్నగా ఉంటారు, కొలతలు అంతగా సరిపోవు.

ఇంకో సంగతి. మన ఇంట్లో నవమాసాలు అంటారు, మీ పక్కింటి ఒడియా మామ్మ 'దశ మాస దశ దిన' అంటుంది, ఎవరిది రైటని మీరు పోట్లాడుకున్నారట. కాగితం తీయండి. అమావాస్య నుంచి అమావాస్యకి 29న్నర రోజులు. తొమ్మిది నెలలంటే 265న్నర. బిడ్డ నిజంగా కడుపులో పడ్డ రోజునుంచి లెక్కవేస్తే వచ్చేది 266. ఇప్పుడు చంద్రుడు 27 నక్షత్రాలూ తిరిగే 27 రోజుల్ని ఒక నెల అనుకోండి. పది నెలలకి 270, పైన పది కలిపితే 280. నెలసరి నుంచి లెక్కవేస్తే వచ్చేది అదే. ఇద్దరూ రాజీ పడండి.

అసలు విషయానికి వస్తాను. సరిగ్గా ఆ 280వ రోజునే పుట్టే పిల్లలు నూటికి నలుగురో అయిదుగురో. 37 వారాలు నిండినప్పటినుంచి 42 వారాల లోపు ఎప్పుడు పుట్టినా నెలలు నిండిన బిడ్డే. మీ క్లాసులో అందరికీ పాలపళ్లు ఒకే రోజు ఊడాయా? ఇదీ అంతే. తొలి కాన్పులో డేట్ దాటడం మరీ మామూలు, అక్కకిది తొలి కాన్పు. డాక్టరమ్మ తప్పు చెప్పలేదు. ఆవిడ సుమారుగా చెప్పిన రోజుని మనం ఖాయం చేసుకుని కూర్చున్నాం.

మరి నొప్పులు ఎలా మొదలవుతాయి? న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు 1960లలో గొర్రెల మీద పరిశోధన చేసి, కడుపులో ఉన్న గొర్రెపిల్ల ఒంట్లో తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోనే ఈనడానికి సంకేతమిస్తుందని చూపించాడు. అంటే కబురు పంపేది లోపలున్న పిల్ల! మనుషుల్లో వ్యవహారం ఇంకా చిక్కుగా ఉంటుంది. బిడ్డా, మాయా (ప్లాసెంటా), తల్లి గర్భసంచీ ఒకదానికొకటి హార్మోన్లతో కబుర్లు పంపుకుంటాయి. ఆఖరి వారాల్లో బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి గదులు అతుక్కుపోకుండా ఉంచే పదార్థం బాగా తయారవుతుంది. గర్భసంచి ముఖద్వారం మెల్లమెల్లగా మెత్తబడి, పొట్టిదవుతుంది. వీటిలో ఏదీ పైకి కనపడదు. రాత్రిపూట అక్కకి కడుపు బిగుసుకుని మళ్లీ వదిలేస్తోందని అమ్మ చెప్పింది. అవి ఉత్తుత్తి నొప్పులని తీసిపారెయ్యకండి, అక్క ఒళ్లు సిద్ధపడుతోంది.

అలాగని ఎన్నాళ్లయినా ఆగొచ్చా? ఆగకూడదు. ఇది కూడా మీకు తెలియాలి. బిడ్డకి తిండీ గాలీ అందించేది మాయ. గడువు మరీ దాటితే దాని పని మందగించవచ్చు. ఉమ్మనీరు తగ్గవచ్చు. బిడ్డ లోపలే మలవిసర్జన చేసి, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎక్కువమందికి ఇవేవీ జరగవు. కానీ 41 వారాలు దాటినకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, 42 దాటితే ఇంకా ఎక్కువ. అందుకే 41 వారాలు నిండాయని ఖాయంగా తెలిస్తే నొప్పులు రప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అక్కకి బీపీ, షుగరు లేవు కాబట్టి ఇప్పటిదాకా ఆగారు, ఉంటే ఇంకా ముందే రమ్మనేవారు. డాక్టరమ్మ బెల్టు కట్టి బిడ్డ గుండె కొట్టుకోవడం చూసిందన్నా, స్కాన్‌లో ఉమ్మనీరు కొలిచిందన్నా, అదంతా ఆగడంలో భాగమే. అడ్మిట్ అవ్వమంటే ఏడవకండి. నొప్పులు రప్పించడమంటే ఆపరేషన్ కాదు. ముఖద్వారం మెత్తబడటానికి మందు పెడతారు, లేదా చిన్న బెలూన్ పెడతారు, తర్వాత అవసరమైతే సెలైన్‌లో నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ అనే మందు ఎక్కిస్తారు. ఒకరోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. కొందరికి చివరికి ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుంది, అది తల్లి తప్పు కాదు.

ఆ ఆక్సిటోసిన్ గురించే ఒక మాట గట్టిగా చెప్పాలి. మన పక్క ఊళ్లలో డేట్ దాటిందనగానే "ఒక సూది వేయించేస్తే నొప్పులొస్తాయి" అనేవాళ్లున్నారు, ఇంటికొచ్చి వేసేవాళ్లూ ఉన్నారు. ఆసుపత్రిలో అదే మందుని చుక్కచుక్కగా, బిడ్డ గుండె చూసుకుంటూ ఎక్కిస్తారు. ఇంట్లో ఒక్కసారిగా కండకి పొడిస్తే గర్భసంచి చిరిగిపోవచ్చు, బిడ్డకి గాలి అందకపోవచ్చు. ఆ మాట ఇంట్లో ఎవరన్నా ఎత్తితే నాకు వెంటనే ఫోన్ చెయ్యండి, రాత్రయినా సరే. ఆముదం తాగించడం కూడా వద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అసలు నొప్పుల వేళకి అక్క నీరసపడిపోతుంది.

అంతకంటే చెడ్డ నమ్మకం ఒకటుంది. నెలలు నిండాక బిడ్డ కదలిక తగ్గుతుందట, లోపల చోటు చాలదట. పెద్దవాళ్లు ఎంతో ప్రేమగా, ధైర్యం చెప్పడానికి అనే మాట ఇది. నిజం కాదు. కదిలే తీరు మారవచ్చు, తన్నడం పోయి దొర్లినట్టు అనిపించవచ్చు. కానీ పుట్టేదాకా బిడ్డ కదులుతూనే ఉండాలి. అనుమానం వస్తే అక్క ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టాలి, రెండు గంటల్లో పది కదలికలైనా తెలియాలి. బుజ్జీ, నువ్వు పక్కన కూర్చుని ఒక్కో కదలికకీ గీత గియ్యి. పది రాకపోయినా, రోజూ ఉన్నట్టు లేదని అక్క అన్నా, తెల్లారేదాకా చూద్దాం అనే మాట ఎవరు చెప్పినా వినకండి.

మీరు గుణుపురంలో ఉన్నారు, ఆసుపత్రి దగ్గర. కొండమీద ఊళ్ల సంగతి వేరు. వానాకాలం గెడ్డ పొంగితే మంచం మీద మోసుకురావాల్సిన ఊళ్లు ఈ జిల్లాల్లో ఉన్నాయి. అలాంటివాళ్లు ముందుగానే వచ్చి ఉండటానికి ఒడిశా ప్రభుత్వం 'మా గృహ' అనే ఇళ్లు పెట్టింది, తిండీ బసా ఉచితం. మంచి పని. కానీ అక్కడ ఆగడం ఎంత కష్టమో నేను చూశాను. ఇంటి దగ్గర పెద్దపిల్ల, మేకలు, పోడు పని. కార్డులో రాసిన రోజుదాకా ఓపిక పట్టేవారు. ఆ రోజు వెళ్లిపోయి నొప్పులు రాకపోతే, "ఇప్పట్లో కాదులే" అని మూట కట్టుకునేవారు. సరిగ్గా ఉండాల్సిన రోజుల్లో కొండెక్కేసేవారు! ఒక తేదీ చెప్పేబదులు మొదటినుంచీ "ఫలానా వారంనుంచి ఫలానా వారందాకా" అని చెప్తే బాగుంటుందని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది. ఇప్పటికీ నా మాట అదే. మీరు పెద్దయ్యాక మీలో ఎవరైనా డాక్టరో ఆశా దీదీయో అయితే అలా చెప్పి చూడండి.

ఇక మీరు చెయ్యాల్సినవి. అక్కని "ఇంకా రాలేదా?" అని అడక్కండి. రోజూ శ్రీకాకుళంనుంచి, బరంపురంనుంచి, విశాఖపట్నంనుంచి చుట్టాలు ఫోన్ చేసి అదే అడుగుతున్నారు, అక్క ఫోన్ చూస్తేనే టెన్షన్ పడుతోందట. ఆ ఫోన్లు మీరెత్తి, "పుట్టగానే మేమే చెప్తాం పిన్నీ" అనెయ్యండి. సాయంత్రం ఎండ తగ్గాక అక్కతో వీధి చివరిదాకా నడవండి. అక్కకి నిద్ర సరిగ్గా పట్టడం లేదు, పగలు కన్నంటుకుంటే టీవీ సౌండు తగ్గించండి.

చంటీ, నీకు ఒడియా బాగా చదవడం వచ్చు, అమ్మకి రాదు. మమతా కార్డు, అదే అక్కకి ఆసుపత్రిలో ఇచ్చిన కార్డు, తీసి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించు. శ్రీకాకుళంలో తీయించిన మొదటి స్కాన్ రిపోర్టు కూడా అందులోనే పెట్టు. ఆ రాష్ట్రం కాగితాలు ఒకచోట, ఈ రాష్ట్రం కాగితాలు ఒకచోట ఉంటే డ్యూటీలో ఉన్న డాక్టరుకి వారాల లెక్క తెలియదు. 102, 108, ఆశా దీదీ నంబరు, ఆటో మామయ్య నంబరు గోడమీద పెద్ద అక్షరాలతో రాయండి. రాత్రి ఒక ఫోన్ చార్జింగులో ఉండాలి.

ఈ నాలుగింట్లో ఏది జరిగినా వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలని అమ్మకి గుర్తుచెయ్యండి: ఉమ్మనీరు పోవడం, అందులోనూ అది ఆకుపచ్చగా ఉంటే ఒక్క క్షణం ఆగకూడదు, రక్తం పడటం, తలపోటు వచ్చి కళ్లు మసకలవడం, కదలిక తగ్గడం. నొప్పులైతే మొదట్లో దూరదూరంగా వస్తాయి. అయిదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషంపాటు, అలా గంటసేపు వస్తే బయలుదేరాల్సిందే. గడియారం చూసి రాసే పని బుజ్జిది. అమావాస్య, వర్జ్యం అని ఎవరైనా ఆపితే నా పేరు చెప్పండి.

శుక్రవారానికి అక్కకి 41 వారాలు నిండుతాయి. గురువారం సాయంత్రం ట్రైనుకి నేను వచ్చేస్తాను. బిడ్డకి పాత మెత్తటి చీరలు ఉతికి ఎండలో ఆరేసి ఉంచమని అమ్మకి చెప్పండి, కొత్త బట్టలు వద్దు.

మీ
అమ్మమ్మ