హైదరాబాద్ వాళ్లు ఎవరు, బయటివాళ్లు ఎవరు

అక్షరా, చిన్నూ,

మన నగరంలో ఎవరెవరు ఉంటారో రాసుకురమ్మని మీ స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారట కదా, మీ అమ్మ చెప్పింది. అక్షర ఫోన్‌లో అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు నాలుగు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. "అమ్మమ్మా, అసలు హైదరాబాద్ వాళ్లు ఎవరు, బయటివాళ్లు ఎవరు? బయటివాళ్లు వచ్చి సిటీ అంతా నింపేశారని మా క్లాసులో అంటున్నారు" అన్నావు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

బయటి నుంచి వచ్చినవాళ్లు లేని హైదరాబాద్ అనేది ఎప్పుడూ లేదు. 1591లో ఈ ఊరు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా తాతగారు ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడు. ఊరి నిర్మాణంలో ముఖ్యుడని చెప్పే మీర్ మోమిన్ కూడా ఇరాన్ మనిషే. అలాగని ఇక్కడ ముందు ఎవరూ లేరని కాదు, గోల్కొండ చుట్టూ ఉన్న పల్లెల్లో తెలుగు మాట్లాడే రైతులు, గొల్లలు, నేతపనివాళ్లు అంతకుముందు నుంచే ఉన్నారు, వాళ్ల పేర్లు ఏ రాతిమీదా లేవు కాబట్టి మనకు తెలియదు అంతే. ఉప్పుగూడలో ఆర్మేనియా వర్తకుల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, పదిహేడో శతాబ్దం నాటివి. అంత దూరం నుంచి వచ్చి ఇక్కడే చనిపోయారంటే, ఇక్కడ వాళ్లకు అంత పని ఉండేదన్నమాట.

మీ ప్రాజెక్ట్‌లో మతం, భాష అని గళ్లు గీసి నింపేముందు ఒక ప్రశ్న వేసుకోండి: వీళ్లను ఇక్కడికి ఏ పని రప్పించింది? ఈ ఊరి జనం ఎందుకు మారుతూ వచ్చారో నాకు అర్థమైంది ఆ ప్రశ్నతోనే.

మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ మీకు తెలుసు కదా. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం నుంచి నిజాం దగ్గరికి వచ్చిన ఆఫ్రికన్ అశ్వదళం వాళ్లు ఉండిన చోటు అది. వాళ్లనే సిద్దీలు అంటాం. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగి నిజాం రాజ్యం ఇండియాలో కలిశాక, ఆ సైన్యాలన్నీ రద్దయ్యాయి. తరతరాలుగా గుర్రం, యూనిఫాం, జీతం తప్ప వేరే బతుకు తెలియని కుటుంబాలు ఒక్కసారిగా రోడ్డు మీద పడ్డాయి. చిన్న చిన్న ఉద్యోగాలు వెతుక్కున్నారు, పెళ్లిళ్లలో మర్ఫా డప్పులు వాయించారు. మీరు బారాత్‌లలో, గణేశ్ ఊరేగింపుల్లో ఎగిరి గంతులేసే ఆ మర్ఫా దెబ్బ వాళ్లదీ, పాతబస్తీ వైపు బార్కస్‌లో ఉండే అరబ్బులదీ. ఇన్ని తరాలు ఇక్కడే పుట్టి, ఇక్కడి ఉర్దూ మాట్లాడే ఒక సిద్దీ పిల్లవాడిని జుట్టు చూసి "నీది ఏ దేశం" అని అడిగితే వాడు ఏం చెప్పాలి? దాన్ని గురించి ఆలోచించండి, నాకు మాత్రం అది చాలా బాధగా ఉంటుంది.

బార్కస్ కథా అలాంటిదే. యెమెన్‌లో హద్రమౌత్ అనే ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులను నిజాంలు సైన్యంలో పెట్టుకున్నారు. 1948 తర్వాత వాళ్ల కొలువులూ పోయాయి, కొందరిని ఆ దేశానికే తిరిగి పంపించేశారు, మిగిలినవాళ్లు చిన్న వ్యాపారాలు, జామతోటలు పట్టుకుని నిలబడ్డారు. బార్కస్ జామకాయ రుచి మీ అమ్మని అడగండి. 1970ల్లో గల్ఫ్‌లో చమురు డబ్బు మొదలయ్యాక వాళ్ల పిల్లలు మళ్లీ అరబ్ దేశాలకే కూలికీ డ్రైవర్ పనికీ వెళ్లారు. అక్కడ వాళ్లను హిందీవాళ్లు అన్నారు, ఇక్కడేమో అరబ్బులు అన్నారు.

మా లాలాగూడ సంగతి ఇంకోలా ఉంటుంది, దాన్ని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. మా నాన్న, అంటే మీ ముత్తాత, నల్లగొండ పల్లె నుంచి రైల్వే వర్క్‌షాప్‌లో పనికి వచ్చాడు. నిజాం రైల్వే కాలం నాటి వర్క్‌షాప్ అది. మా వరుసలో ఒకవైపు తమిళ మొదలియార్లు, ఇంకోవైపు ఆంగ్లో ఇండియన్లు, చివరింట్లో మరాఠీ వాళ్లు. సికింద్రాబాద్ 1806 నుంచి ఇంగ్లీషు సైన్యం దండు కదా, దండుకు సరుకులు, లెక్కలు, వంటలు, బట్టలు అన్నీ కావాలి, అందుకే మద్రాసు వైపు నుంచి తమిళులు వచ్చారు, పార్సీలు వచ్చి 1847లోనే అగ్ని దేవాలయం కట్టుకున్నారు. ఆంగ్లో ఇండియన్ పిల్లలు మాతో గల్లీలో గోలీలాడేవాళ్లు, క్రిస్మస్‌కు వాళ్ల అమ్మ కేకు ముక్కలు పంపేది, మేం బతుకమ్మకు సత్తుపిండి పంపేవాళ్లం. నేను పెద్దదాన్నయ్యేసరికి చాలా కుటుంబాలు ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ వెళ్లిపోయాయి. జనం మారడమంటే కొత్తవాళ్లు రావడం ఒక్కటే అనుకుంటారు, ఉన్నవాళ్లు వెళ్లిపోవడం కూడా. వాళ్లు పోయాక మా గల్లీలో ఒక పండగ తగ్గింది.

ఇక 'బయటివాళ్లు' అన్న గొడవ. ఇది మీ క్లాసులో పుట్టింది కాదు. నిజాం కాలంలో పెద్ద ఉద్యోగాలకు ఉత్తరాది నుంచి మనుషుల్ని తెచ్చారు, ఇక్కడివాళ్లకు కోపం వచ్చింది, దాని ఫలితంగా ముల్కీ నిబంధనలు వచ్చాయి, ముల్కీ అంటే ఈ రాజ్యంవాడు, స్థానికుడు. 1919 నాటి నిబంధనల్లో పదిహేనేళ్లు ఇక్కడ స్థిరంగా ఉన్నవాడు కూడా ముల్కీయే. 1952లో మళ్లీ అదే గొడవ, ఈసారి కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగుల మీద. 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను, ఊరేగింపులు కళ్లారా చూశాను. ఇక్కడి పిల్లల ఉద్యోగాలు ఇక్కడివాళ్లకు రావాలన్న కోరిక న్యాయమైనదే, ఇప్పటికీ అదే నా మాట. ఇచ్చిన హామీలు అమలు చేయకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ కోపం పక్కింటి గుమాస్తా మీదికి, వాళ్లావిడ మాట్లాడే యాస మీదికి పోతే అది న్యాయం కాదు.

మీ నాన్న వాళ్ల తాతగారి గురించి మీకు ఎవరైనా చెప్పారా? 1956 నవంబర్‌లో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మారినప్పుడు ఆఫీసు ఫైళ్లతోపాటు వచ్చిన గుమాస్తాల్లో ఆయన ఒకరు. నా వైపు చూస్తే మీరు నల్లగొండ, ఆయన వైపు చూస్తే కర్నూలు. మీ క్లాసులో ఆ మాట అన్న అబ్బాయికి ఇది చెప్పు అక్షరా, గొడవ పడకుండా చెప్పు. వాడి ఇంటి కథ కూడా అడుగు.

1991 జనగణనకు టీచర్లకు డ్యూటీ పడింది, నేనూ వెళ్లాను. ఫారంలో మతం ఉంటుంది, ఎస్సీనా ఎస్టీనా అని ఉంటుంది, పుట్టిన ఊరు, మాతృభాష ఉంటాయి. మనిషి రంగు, జాతి అడగరు. అందుకే సిద్దీలు ఎంతమంది, అరబ్బులు ఎంతమంది అని ఆ పుస్తకాల్లో వెతికితే దొరకరు. మాతృభాష కాక తెలిసిన ఇతర భాషలు రెండు మాత్రమే రాయాలి. సికింద్రాబాద్‌లో చాలా ఇళ్లలో ఆ రెండూ నిండిపోయి ఇంకా మిగిలేవి. తమిళం ఇంట్లో, తెలుగు గల్లీలో, ఉర్దూ బజార్లో, ఇంగ్లీషు ఆఫీసులో. అత్తాపూర్ వైపు సిఖ్ ఛావనీ వాళ్లయితే 1832 ప్రాంతంలో పంజాబ్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన సిక్కు సైనికుల సంతానం, తెలుగు మనలాగే మాట్లాడతారు.

ఇప్పటి సంగతికి వద్దాం. 1951లో నగరం జనాభా సుమారు పదకొండు లక్షలు, 2011కి 67 లక్షలు దాటింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఊరు పడమటికి పరిగెత్తింది. మీరుండే టవర్ ఎవరు కట్టారు? ఒకప్పుడైతే పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కూలీలు. ఇప్పుడు ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంతూళ్లకు చేర్చడానికి వేసిన శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొట్టమొదటిది మన లింగంపల్లి నుంచే బయల్దేరింది, 2020 మే 1న, జార్ఖండ్‌లోని హటియాకు, సుమారు పన్నెండు వందల మందితో. పని ఆగిపోయిన రోజున వాళ్లకు తిండీ కష్టమైంది. 'సిటీని నింపేశారు' అన్నది ఎవరి గురించో, వాళ్లు లేకపోతే సిటీయే లేదు. టోలిచౌకి పారామౌంట్ కాలనీలో సోమాలియా, సూడాన్, యెమెన్ వాళ్లు చదువుకోసం, వైద్యంకోసం వచ్చి అద్దెకుంటున్నారు. బాలాపూర్‌లో రోహింగ్యాలు మయన్మార్ నుంచి ప్రాణాలు కాపాడుకోవడానికి వచ్చి గుడిసెల్లో ఉంటున్నారు, వాళ్లది మిగతా అందరికంటే కష్టమైన బతుకు.

చిన్నూ, నీకొక పని. జనగణనలో ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టడానికి ప్రత్యేకంగా ఒక రాత్రి పెడతారు, 2011లో అది ఫిబ్రవరి 28 రాత్రి. మీ ప్రాజెక్ట్‌లో కూడా ఆ పని చేయండి. మీ టవర్ వెనకాల కొత్త సైటు దగ్గర రేకుల షెడ్లున్నాయి కదా, అక్కడి పిల్లల పేర్లు, ఊళ్లు, వాళ్లు ఏ బడికి వెళ్తున్నారో అడిగి రాయండి. బడికి వెళ్లకపోతే మీ అమ్మకు చెప్పండి, దగ్గర్లోని సర్కారు బడి హెడ్‌మాస్టర్‌తో నేను మాట్లాడతాను. ప్రాజెక్ట్ ఎప్పటిలోగా ఇవ్వాలో ఫోన్ చేసి చెప్పండి, ఆదివారం వీలైతే బార్కస్‌కు నేనూ వస్తాను.

మీ అమ్మమ్మ